అమావాస్య కాని మంగళవారం

అమావాస్య నాడు మగ్గానికి సెలవు. గద్వాలలో నేతపని చేసే ఇళ్లలో ఆ రోజు ఎవరూ నూలు విసిరే నాడె ముట్టరు. సెలవు మగ్గానికే, వసంతకు కాదు. పొద్దున్నే లేచి మగ్గం గుంట ఊడ్చింది, నెల రోజుల నూలు చెత్త ఎత్తిపోసింది, మరునాటి కండెలకు నూలు చుట్టింది, వంట చేసింది, కూతురు మానసకు జడలేసి బడికి పంపింది. అన్నీ అయ్యాక గుమ్మంలో నిలబడి, పది రోజులుగా నోట్లో నానబెట్టుకున్న మాట బయటపెట్టింది.

"వనపర్తికి పోయొస్త. అత్తమ్మ కండ్లద్దాలు తయారైనయంట."

భర్త జితేందర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "జల్ది రా" అన్నాడు. అంతే. ఇంత సులువుగా చెల్లే మాట కోసం పది రాత్రుల నిద్ర పాడు చేసుకున్నందుకు వసంతకు తన మీద తనకే ఒళ్లు మండింది. పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు. అద్దాలు నిజంగానే తయారయ్యాయి. కాకపోతే ఆ అద్దాల దుకాణం మీది అంతస్తులో ఒక గది ఉంది, దానికి 'మానసిక సమస్యలకు కౌన్సెలింగ్' అని బోర్డు ఉంది. అత్త బాలనాగమ్మను కంటి పరీక్షకు తెచ్చిన రోజు, ఆమె కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టిన అరగంటలో వసంత దొంగలా మెట్లెక్కి, అమావాస్య పడే ఈ మంగళవారం పదకొండు గంటలకు రమ్మనిపించుకుని దిగింది.

బస్సు బీచుపల్లి వంతెన దాటేటప్పుడు గుండె మళ్లీ దడదడ మొదలుపెట్టింది. నాలుగు నెలలుగా ఇదే వరస. మగ్గానికి ఇవతల కూర్చుని జితేందర్ నేస్తుంటే, అవతలి పక్క కూర్చుని అంచు నాడె విసిరేది ఆమె. ఆ రెండో చెయ్యి లేకపోతే అంచు చీరతో కలవదు. అయినా చీర ఎవరు నేశారంటే ఊరంతా జితేందర్ పేరే చెబుతుంది. మరి కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అంటుంది బాలనాగమ్మ. అట్లా ఇంట్లోనే ఉన్న మనిషికి ఒక పొద్దున నాడె చేతిలో ఉండగానే ఊపిరి ఆగినట్టయింది. వేళ్లు కొంకర్లు పోయాయి, చచ్చిపోతున్నాననుకుంది. దవాఖానలో ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. ఆ కాగితాన్ని జితేందర్ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాడు. "మిషన్‌ల ఏం రాలే. అన్నీ నకరాలే" అని. ఒకసారి ఆమె ధైర్యం చేసి, మనసుకు కూడా డాక్టర్లు ఉంటారంట గదా అంటే నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు. "పో, పిచ్చిదానివని రాసిస్తరు. ఆ కాగితం ఒక్కటుంటె సాలు, పిల్లను నీ దగ్గర ఎవలు ఉంచరు."

నవ్వుతూ అన్న మాటలే ఎక్కువ కాలం ఉంటాయి. ఆ రోజు నుంచి వసంతకు చావంటే అంత భయం లేదు, కాగితమంటేనే భయం. అయినా బస్సు ఎక్కింది. ఎందుకంటే మొన్న మానస తలస్నానం చేయించుకుంటూ, "అమ్మా, నీ చేతులు ఎందుకు వణుకుతున్నయి?" అని అడిగింది. ఆ పిల్ల కళ్లలో కూడా అదే భయం కనిపించింది.

మేడ మీద గది బయట బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే కిష్టమ్మ, "జర ఇది నింపు అక్కా" అంటూ ఒక కాగితం ఇచ్చింది. ఇక్కడా కాగితమే. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు. గబగబా నింపి ఇచ్చేసి, లోపలికి వెళ్లింది.

లోపల పడక ఉంటుందని, తలకు తగిలించే తీగలు ఉంటాయని అనుకుంది. రెండు కుర్చీలు, ఒక నీళ్ల సీసా, గోడ గడియారం, అంతే ఉన్నాయి. ఒక కుర్చీలో తనకంటే వయసులో చిన్నదే, కౌన్సెలింగ్ చేసే కౌసర్ మేడం. తమ కులం కాదు, తమ వీధి కాదు, ఏ పెళ్లిలోనూ ఎదురుపడదు. ఆ ఒక్క సంగతి కాస్త ఊరటనిచ్చింది.

"ముందుగాల నేను చెప్త వసంత గారూ" అంది కౌసర్. "ఇయ్యాల ఒకలనొకలం తెలుసుకునుడే. యాభై నిమిషాలు. నేను గోలీలు రాయను, అవి రాసే డాక్టర్లు వేరే. మీరు ఏది చెప్పాలనుకుంటే అదే చెప్పుండ్రి, వద్దనుకుంటే వద్దు. చెప్పింది ఈ గది దాటది. ఎవల పానానికన్న అపాయమైతేనో, కోర్టు అడిగితేనో తప్ప. అప్పుడు గూడ మొదలు మీకే చెప్త."

కోర్టు అన్న మాట దగ్గర వసంత చెవులు మూసుకుపోయాయి. తర్వాత మేడం ఏమన్నదో సగమే వినిపించింది.

"మీరెట్లున్నరు?"

"అత్తమ్మకు షుగరు, మేడం. కండ్లు గూడ మసకయినయి. మా ఆయనకు నడుము నొస్తది, పొద్దంత గుంటల కూసుంటడు గదా. పిల్లకు..."

దవాఖానకు ఎప్పుడూ ఎవరినో ఒకరిని తీసుకొచ్చిన అలవాటు. డాక్టరు ముందు కూర్చుంటే నోరు తనంతట తానే ఇంట్లోవాళ్ల రోగాలు చెప్పుకుపోతుంది. కౌసర్ అడ్డుపడలేదు, అన్నీ విన్నది. చివరికి మెల్లగా అంది. "వారానికొకసారి వస్తే మంచిగుంటది. ఇది అయిపోంగనే కిష్టమ్మ మీ నంబరుకు మెసేజ్ పెడ్తది, మల్ల ఎప్పుడు రావాల్నో."

మీ నంబరుకు. వసంతకు కళ్ల ముందు ఆ కాగితం కదిలింది. ఫోన్ నంబరు అన్న చోట తన చేయి రాసింది జితేందర్ నంబరు. రేషన్ కార్డు మీద అదే, గ్యాస్ బుక్కు మీద అదే, బడిలో అదే, బ్యాంకులో అదే. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా ఆ చేతికి ఇంకో నంబరు రాయడం తెలియదు. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో అతని ఫోన్ మోగుతుంది. ఎక్కడికి వెళ్లిందో, మళ్లీ ఎప్పుడు వెళ్తుందో, అన్నీ అందులో ఉంటాయి. పిచ్చి కాగితం కోసం అతను ఎక్కడికీ తిరగనక్కర్లేదు, తన భార్యే రాసి పంపింది.

ఒక్క మాట అంటే ఆగిపోయేదే. ఆ ఒక్క మాటే రాలేదు. మాట్లాడుతున్న మనిషిని ఆపి తన సంగతి చెప్పడం ఆమె ఏ ఇంట్లోనూ నేర్చుకోలేదు. పుట్టింట్లో ఆపితే ఎదురు సమాధానమన్నారు, అత్తింట్లో ఆపితే నోరెక్కువన్నారు. మేడం ఏదో అడుగుతోంది, నాడె పట్టుకుంటే ఊపిరాడదని తను ఏదో చెబుతోంది, ముల్లు తిరుగుతోంది. పదకొండూ నలభై. వేళ్లు కొంకర్లు పోవడం మొదలైంది. ఊపిరి గొంతులోనే ఆగింది.

"వసంత గారూ, ఇప్పుడేమైతుంది మీకు?"

"నంబరు" అంది వసంత. ఏడుపూ మాటా కలిసిపోయాయి. "నంబరు మా ఆయనది రాసిన మేడం. మెసేజ్ పోతె పిల్లను గుంజుకుంటడు. నాకు భయమైతుంది. నాకు రోజూ భయమైతది."

కౌసర్ నవ్వలేదు. ఇంత చిన్నదానికా అనలేదు. లేచి తలుపు తీసి, "కిష్టమ్మా, మెసేజ్ పెట్టకు" అని, ఆ కాగితం చేత్తో పట్టుకుని వచ్చింది. వసంత ఊపిరి కుదుటపడేదాకా ఎదురుగా ఊరికే కూర్చుంది. తర్వాత తన నోటుపుస్తకం ఆమె వైపు తిప్పింది. అందులో ఒకటే వాక్యం ఉంది: 'నాడె పట్టుకున్నప్పుడు ఊపిరి ఆడదు.' పిచ్చి అన్న మాట ఎక్కడా లేదు.

"మీరు ఇక్కడికొచ్చిండ్రని పిల్లను గుంజుకుంట అంటే అట్ల అయ్యేది కాదు. అయినా చట్టం సంగతి నాకు పూరాగ తెల్వదు, వకీలును అడుగుదం."

"తగ్గుతదా మేడం?"

"ఒక్కనాటికి తగ్గది. మొదట్ల ఇంకింత బరువు గూడ అనిపియ్యొచ్చు. అబద్ధమెందుకు చెప్పాలె." కౌసర్ పెన్ను అందించింది. "ఆ నంబరు కొట్టేసి మీది రాయుండ్రి."

వసంత కొట్టేసింది. రెండుసార్లు, అడ్డంగా, కాగితం చిరిగేంత. తర్వాత పెన్ను ఆగిపోయింది. జితేందర్ నంబరు తెలుసు, బడి టీచరుది తెలుసు, నూలు షాపు వెంకటన్నది తెలుసు. తన నంబరు తనకు తెలియదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

సిగ్గుతో ఆమె తల దించుకుంటే, కౌసర్ బల్ల మీది ఫోన్ ముందుకు జరిపి దాని నంబరు చెప్పింది. "మీ ఫోన్‌లకెళ్లి దీనికి మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి." ఫోన్ మోగింది. తెర మీద పది అంకెలు వెలిగాయి. వసంత ఒక్కొక్క అంకె చూసుకుంటూ రాసింది, రాసి మళ్లీ సరిచూసుకుంది.

బయట బల్ల దగ్గర కిష్టమ్మ అడిగింది. "ఎప్పుడని పెట్టాలె అక్కా? వచ్చే మంగళారమేనా?"

వచ్చే మంగళవారం మగ్గం నడుస్తుంటుంది. మగ్గానికి సెలవు నెలకొకసారే. 'అమాసకు వస్త' అందామని నోరు తెరిచింది. అంతలో చేతిలో ఫోన్ మోగింది. జితేందర్.  బల్ల అంచు పట్టుకుని ఫోన్ ఎత్తింది.

"ఏడున్నవే? అద్దాలకు గింత సేపా?"

మెసేజ్ సంగతి కాదు. అయినా భయం తగ్గలేదు, ఇక తగ్గేదాకా ఆగితే అయ్యే పని కాదని మాత్రం తెలిసింది.

"వస్తున్న. వచ్చే మంగళారం మగ్గం బంద్ పెట్టాలె."

"ఎందుకే? అమాస కాదు గద?"

"కాదు" అంది వసంత. "నాకు పనున్నది."