నీలం పట్టా మీద చోటు

తకాబె నొబుకోకి యాభై రెండేళ్లు. అయినా ఆఫీసులో అందరికంటే చిన్నది ఆవిడే. మొన్న అక్టోబరులో చేరింది మరి. ఏటా చెర్రీ పూల కింద ఆఫీసంతా కూర్చుని విందు చేసుకునే రోజున, ఆఖరున చేరినవాళ్లే పొద్దున్నే పార్కుకెళ్లి చెట్టు కింద చోటు పట్టాలి. మోకాళ్ల నొప్పులంటే ఎవరు వింటారు? అందుకే ఐదింటికల్లా అసువా ఏటి ఒడ్డుకొచ్చి, పదిహేను మందికి సరిపడా నీలం పట్టా పరిచి, మూలల మీద నీళ్ల సీసాలు పెట్టి మధ్యలో కూలబడింది.

చెర్రీ చెట్లు విరగబూశాయి. తలెత్తి చూసే ఓపిక ఉంటేగా! చలికి నడుం పట్టేసింది. పట్టా వదిలిపెట్టి పోతే పార్కువాళ్లు చుట్టి అవతల పడేస్తారు. తెచ్చుకున్న రెండు అన్నం ముద్దలూ ఎనిమిదికే అయిపోయాయి.

ఆవిడ బెంగంతా వాళ్లమ్మ గురించే. ఎనభై ఒక్కేళ్ల కియోనో ఏటికవతల వృద్ధుల హోంలో ఉంటోంది. "ఈసారి పూలు చూపించవే, వచ్చే ఏడాదికి ఈ మాత్రం చూపైనా ఉంటుందో లేదో" అని నెల్లాళ్లుగా అడుగుతోంది. రేపు గాలీవానా అంటున్నారు. అంటే ఇవాళ చూస్తేనే చూసినట్టు. పన్నెండుకి ఆఫీసువాళ్లొస్తే మెల్లగా జారుకుని అమ్మను తీసుకురావచ్చనుకుంది నొబుకో.

పన్నెండున్నరకి మేనేజరు ఇవానగా ఫోన్ చేశాడు. "నొబుకో గారూ, మీటింగ్ తెమలట్లేదు. మూడింటికొస్తాం. కాస్త చూసుకోండి."

"అలాగేనండీ" అని పెట్టేసింది. ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికీ ఒంట్లో సత్తువుండాలి కదా. కాసేపటికి హోంకి ఫోన్ చేసి బతిమాలింది. ఒకటిన్నరకి అక్కడి ఆయా కియోనోని చక్రాల కుర్చీలో తోసుకొచ్చి, నాలుగింటికి వస్తానని వెళ్లింది.

కుర్చీని పట్టా మీదికి ఎక్కించబోతే ముసలావిడ ఒప్పుకోలేదు.

"బూట్లు విప్పి ఎక్కేచోట ఈ మట్టి చక్రాలేంటే? తుడువు ముందు."

నొబుకో మోకాళ్ల మీద వంగి, చేతిరుమాలుతో నాలుగు చక్రాలూ తుడిచింది. కియోనో తలెత్తి చాలాసేపు చూసింది.

"ఒక్కో పువ్వూ తెలియట్లేదు గానీ, అంతా తెల్లగా ఉంది. బాగుంది. ఇంత చోటు మనిద్దరికేనా?"

"ఆఫీసువాళ్లకమ్మా. ఐదింటి నుంచీ కాస్తున్నా."

"ఈ వయసులోనా? నీకంటే ఆ సీసాలు నయం, వాటికి నడుం నొప్పుండదు." కూతురి మొహం పోల్చుకోవాలన్నట్టు ముందుకు వంగింది. "పడుకో కాసేపు. నే చూస్తాలే."

"నీకు కనిపించదు కదమ్మా."

"చెవులున్నాయి కదే."

ఐదు నిమిషాలనుకునే ఒరిగింది నొబుకో. మెలకువొచ్చేసరికి ఇవానగా గొంతు వినిపించింది.

"అమ్మా, ఇది మా ఆఫీసువాళ్ల చోటండీ."

"మీదే బాబూ, ఎక్కడికి పోతుంది? తెల్లారకముందు నుంచీ కాసి ఇప్పుడే కునుకు తీస్తోంది నా కూతురు. లేచాక ఎక్కుదురు గాని."

అప్పటికే బూట్లు విప్పినవాళ్లు మళ్లీ తొడుక్కుంటున్నారు. సీసాల పెట్టెలు మెల్లగా గడ్డి మీద దించారు.

లేవాలి. లేచి పదిసార్లు వంగి క్షమించమనాలి. నొబుకోకి తెలుసు. కానీ ఇన్నేళ్లలో తన కోసం చోటు కాసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని అటు తిరిగి పడుకుంది.