సూదికో తిట్టు

పానగల్లు అవతల కురుమోళ్ల వాడలో సోమమ్మకు రోజుకు రెండు తిట్లు హక్కుగా దక్కాయి. పొద్దున జొన్నగట్క తాగబోయే ముందు ఒకటి, పొద్దుగూకినాక ఒకటి. పడేవాడు మొగుడు బీరన్న. ఆ హక్కు ఇచ్చినవాడూ అతడే.

గొర్రెల బొచ్చు కత్తిరించే మొరటు చేతులతో అతడామెకు సూది పొడవాలి. నల్లగొండలో డాక్టరు దొరసాని దవాఖానలో ఇచ్చిన సూది అది. ఉడకబెట్టి వాడీ వాడీ మొన మొద్దుబారింది. కత్తెర సానరాయి మీద బీరన్న ఎంత సుతారంగా నూరినా, తొడలోకి దిగేటప్పుడు తుమ్మముల్లు దిగినట్టే ఉండేది. తొడల నిండా గట్టి గడ్డలు. ఒకనాడు సోమమ్మ ఏడుస్తూ కాలు లాక్కుంది.

"ఏడ్వకే సోమీ, నన్ను తిట్టు," అన్నాడు బీరన్న. "సూదికో తిట్టు. జర కొత్తగుండాలె. నిన్నటిది ఇయ్యాల నడ్వది."

అప్పటినుంచి ఆమె జొన్నలు చెరుగుతూ తిట్లు ఏరుకునేది. "నీ మీసాలకు గొర్రెపేలు పట్ట!" "నీ గొంగడి నడివానల చినుగ!" గోడవతల గుర్వయ్య పెండ్లాం పొయ్యి మీది కుండ మరిచిపోయి మరీ వినేది. అందరూ నవ్వే నవ్వులో నొప్పి కాసేపు ఎక్కడో తప్పిపోయేది. మందు సీసాను తడి ఇసుక కుండలో పడుకోబెట్టి, దాని మీద చల్లటి నీళ్లు చిలకరించడం కూడా సోమమ్మకు ముచ్చటగానే ఉండేది.

నవ్వుల కింద భయం ఉండనే ఉంది. అంతకుముందు రెండు కాన్పులయ్యాయి. ఇద్దరూ బొద్దుగా పుట్టారు, ఇద్దరూ ఏడవలేదు. నెత్తుట్లో తీపి ఎక్కువైందనీ, ఈ మూడో కడుపు నిలవాలంటే సూది తప్పదనీ దొరసాని చెప్పింది. నర్సు జానమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మళ్లీ చెప్పింది: "తీపి ముట్టొద్దు. సూది ఏసినంక తిండి ఆలస్యం చెయ్యొద్దు. వణుకొచ్చి చెమటలు పడితే మాత్రం ఎంటనే బెల్లం బుక్కు."

అత్త కొమురవ్వ దవాఖానకు పోలేదు. ఆమె చెవిన నిలిచింది తీపి ముట్టొద్దన్న మాట ఒక్కటే. ఇంట్లో ఉన్న బెల్లమంతా మూటగట్టి ఉట్టిలో పెట్టి, ఆ ఉట్టి కిందే పక్క వేసుకుంది.

ఎనిమిదో నెలలో సూర్యగ్రహణం వచ్చింది.

"కడుపుతోని ఉన్నదానికి గ్రహణంల ఇనుము తగలొద్దు," కొమురవ్వ తేల్చేసింది. "తగిల్తే పిల్లకు మొర్రి పడ్తది. ఇయ్యాల సూది బంద్."

"సూది బంద్ జేస్తే పిల్లనే ఉండదమ్మా," అన్నాడు బీరన్న.

చివరికి రాజీ కుదిరింది. గ్రహణం పట్టకముందే సూది వేసెయ్యాలి. సోమమ్మ పళ్లు బిగబట్టి, "నీ సూదికి జడిసే సూర్యుడు దాక్కుంటుండు, సచ్చినోడా!" అంది. గోడవతల నవ్వు. బీరన్న మురిసిపోతూ మందను దొడ్లో ఆపడానికి వెళ్లిపోయాడు.

సూదిని ముందుకు జరిపారు గానీ తిండి సంగతి ఎవరికీ తట్టలేదు. గ్రహణం నాడు పొయ్యి రాజెయ్యని ఇల్లది. మిగిలిన గట్క కుక్కకు పెట్టి, కొమురవ్వ కుండలు బోర్లించింది. కోడలిని చీకటి అర్రలో నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది.

"కాలు ముడువకు. గోక్కోకు. కదలకు," అని చెప్పి గడపలో కూర్చుంది.

కప్పు సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి ఎండచుక్కలు మెల్లగా కొడవళ్లయ్యాయి. అర్ర నిండా బుల్లి బుల్లి కొడవళ్లు. సోమమ్మకు భలే ముచ్చటేసింది. తీరా కాసేపటికి ఆ కొడవళ్లు ఒక్కొక్కటి రెండయ్యాయి, ఊగసాగాయి. నుదుట చల్లటి చెమట. చేతులు వాటంతటవే వణుకుతున్నాయి.

జానమ్మ మాట గుర్తొచ్చింది. గ్రహణంలో తింటే పిల్లకు మొర్రి. తినకపోతే? ఇద్దరు ఏడవని పిల్లలు కళ్లముందు మెదిలారు.

"అత్తా... బెల్లం."

"ఏందీ?" కొమురవ్వ లేచింది. "గిన్ని నెలలు ఓర్చుకొని, గిప్పుడు పుట్టిందా నాలుకకు దురద? గండం నెత్తిమీద పెట్టుకొని బెల్లమట!"

"వణుకు... జానమ్మ..."

"జానమ్మనే తీపి ముట్టొద్దన్నది. మూస్కొని పండుకో."

చెప్పాల్సిన మాట సోమమ్మకు తెలుసు. నాలుక తిరగడం లేదు. అర్ర దూరంగా జరిగిపోతోంది.

జవాబు రాకపోయేసరికి కొమురవ్వకు వింతగా తోచింది. "నోరు లేసే పిల్లవు, నన్ను ఒక్క మాటన్న అనవేందే?" అంటూ వచ్చి వంగి చూసింది. కోడలి మెడ వెనక్కి వాలింది. పళ్లు కొరుకుతోంది. చీర చెమటకు తడిసి ముద్దయింది.

ఈ తీరు కొమురవ్వకు కొత్త కాదు. రెండు పిల్లల్ని మోసే సూడిగొర్రె ఇలాగే వణికి, మెడ వాల్చి, పళ్లు కొరుకుతూ కూలబడుతుంది. బెల్లం నీళ్లు ఆలస్యమైతే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. మందలో ఎన్ని గొర్రెలకు పోసిందో తన చేతులతోనే.

బయటికి చూసింది. ఎండ ఇంకా బూడిదరంగులోనే ఉంది. గ్రహణం విడవలేదు.

ఉట్టిని ఒక్క గుంజు గుంజింది. మూట కిందపడి చినిగింది. గ్రహణ దోషం అంటకుండా బోర్లించిన కుండల మీద వేసిన గరికలోంచి ఒక పోచ తీసి బెల్లం మీద పెట్టింది.

"సూర్యనారాయణా, పెట్టేది నేను. ఏమన్న ఉంటే నా మీద జూస్కో," అని గొణుక్కుంటూ, బెల్లం నలిపి కోడలి చెంప లోపల రుద్దింది. గుటక పడేదాకా గొంతు నిమిరింది. గుటక పడింది. అప్పుడు బెల్లం నీళ్లు కలిపి, గొర్రెలకు మందు పోసే వెదురు గొట్టంతోనే కొద్దికొద్దిగా పోసింది.

కొడవళ్లు మళ్లీ ఒక్కటొక్కటిగా కనిపించాయి సోమమ్మకు. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఆ కాలు కొమురవ్వ అరచేతికి తగిలింది. ముసలామె కళ్లు తుడుచుకుంది.

"గొట్టం కడిగినవా అత్తా? గొర్రె వాసనొస్తాంది," అంది సోమమ్మ నీరసంగా.

"నీకు నోరొచ్చిందిగా, సాలు."

గ్రహణం విడవగానే పరుగున వచ్చిన బీరన్న చినిగిన మూటను చూశాడు. "గ్రహణంల పెట్టినవా అమ్మా?"

"పెట్టిన. మొర్రి పడితే పడని. ముద్దు వెట్టుకునేది నేను గాదా?"

సాయంత్రం బీరన్న సూది పట్టుకున్నాడు గానీ పొడవలేదు. కొమురవ్వ గట్క గిన్నె తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది, పక్కన బెల్లం ముక్క పెట్టింది. "గిప్పుడు పొడువు," అంది.

సూది దిగింది. గోడవతల గుర్వయ్య పెండ్లాం చెవి రిక్కించింది.

"నీ బిడ్డ నీ గొంగడి మీదనే పారాడ! నీ మీసాలు పట్టి గుంజ!" అని అరిచింది సోమమ్మ. పుట్టబోయే బిడ్డ పేరెత్తడం అదే మొదలు.

బీరన్న సూది తియ్యడం మరిచి అలాగే ఉండిపోయాడు.

"తియ్యి, మొద్దోడా!"

"గది రెండోది," అన్నాడు అతడు తేరుకుని. "సూదికి ఒక్కటే."