త్రాసు చెయ్యి

మేస్టారి ముందు రెండు డబ్బాలు పెట్టి మెకానిక్కు కళ్ళు మూసుకున్నాడు. రెండూ కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లైలే. ఒకటి పేరున్న కంపెనీది. రెండోది ఊరూ పేరూ లేనిది, ధర సగం. కంపెనీ డబ్బాను కుడి అరచేతిలో పెట్టుకుని మెల్లగా రెండుసార్లు ఎత్తి దించాడు. తర్వాత రెండోదాన్నీ అలాగే తూచాడు.

ఆ చెయ్యి చూడ్డానికి ఏమంత బాగుండదు. చూపుడువేలి గోరు ఎప్పుడో ఊడి వంకరగా మొలిచింది. బొటనవేలి నిండా కాలిన మచ్చలు. కానీ మంచి డబ్బాలో రాగి, ఇనుము నిండుగా ఉంటాయి కాబట్టి బరువు తూగుతుంది, నాసిరకం సరుకు ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి ఈ తేడా చెబుతోంది. అందుకే బజారంతా అతన్ని త్రాసు అంటారు. విప్పి చూడొచ్చుగా అని ఎవరైనా అంటే, చెయ్యుండగా స్క్రూడ్రైవర్ ఎందుకని నవ్వేవాడు.

"కంపెనీది తీసుకోమంటారా?" అన్నారు మేస్టారు.

"పేరుకి డబ్బులు దండగ మేస్టారూ. ఇదీ బరువుంది. పిల్లలకి పాఠాలు చెప్పుకోడానికి ఇది చాలు."

మేస్టారు మారుమాట లేకుండా రెండోదే బిగించమన్నారు.

త్రాసు బతుకులో ఉన్న సుఖమల్లా అదొక్కటే. ఇంట్లో అతని మాట చెల్లదు. ఫ్యాను కొనాలన్నా, కూతుర్ని ఏ బళ్ళో వెయ్యాలన్నా భార్య తన తమ్ముణ్ణి అడుగుతుంది. "ఆయనకేం తెలుసురా" అంటుంది, అతని ఎదురుగానే. అతను కంచంలోకి చూసుకుంటూ తినేస్తాడు. పొద్దున్నే కొట్టుకొచ్చి తన కుర్చీలో కూర్చున్నాకే మనిషవుతాడు. నవ్వాల్సిందేమీ లేదు, చాలామందికి ఆ కుర్చీ కూడా ఉండదు.

మధ్యాహ్నం ఫోటో స్టూడియో ఆవిడ వచ్చింది. కంప్యూటరును పాత దుప్పట్లో చుట్టి చంకనెత్తుకుని తెచ్చింది. దుప్పటి విప్పగానే కాలిన కంపు కొట్టంతా కమ్ముకుంది.

"పోయినవారం ఇందులో డబ్బా మీరే తూచి ఇచ్చారు. పదేళ్ళ ఫోటోలు. పోయేముందు మా ఆయన తీసినవన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటీ రావట్లేదు."

ఆవిడ ఏడవలేదు. తిట్టినా బాగుండుననిపించింది త్రాసుకు.

పవర్ సప్లై బయటికి తీసి నాలుగు మరలు విప్పాడు. లోపల సన్నటి తీగలు మాడి మసైపోయాయి. అడుగున మాత్రం, దేనితోనూ సంబంధం లేకుండా, సబ్బుబిళ్ళంత ఇనపముక్క జిగురుతో అంటించి ఉంది. పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. పొద్దున మేస్టారి డబ్బాలో తూగిన బరువూ ఇలాంటిదేనని తెలిసింది.

వెనకగదిలో కొట్టు యజమాని టీ తాగుతున్నాడు. త్రాసు చేతిలో ముక్కను చూపించి, "మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలియకపోవడమేంటి, నేనే పెట్టించా. నువ్వు ఊఁ అనందే ఇక్కడ ఒక్క డబ్బా కదలదు కదయ్యా. అది నీ చేతి కోసమే."

టీ పూర్తిచేసి, మూతి తుడుచుకుని యజమాని ముందుకొచ్చాడు. "చూసి ఇచ్చింది ఈయనేనమ్మా. వయసు మీద పడింది, చెయ్యి పట్టు తప్పింది. రేపట్నుంచి రానివ్వను."

ఆవిడ త్రాసు వైపు చూసింది. నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ తన చెయ్యి ఒక ఇనపముక్కకు మోసపోయేపాటిదేనని అందరికీ తెలిస్తే ఇంక తనకు మిగిలేదేమిటి? సిగ్గు నోరు నొక్కేసింది. "నాదే తప్పమ్మా" అన్నాడు.

సాయంత్రం మేస్టారి ఇంటికి వెళ్ళాడు. కనీసం ఆ ఒక్క కంప్యూటరైనా కాలిపోకుండా ఆపాలి. మెట్లెక్కి, ముక్కను బల్లమీద పెట్టి చెప్పాడు.

"ఆ డబ్బా తీసెయ్యండి మేస్టారూ. బరువంతా ఇలాంటి ముక్కదే. కాలిపోతుంది."

మేస్టారు ముక్కను చూశారు, మనిషిని చూశారు. "మీరొస్తారని మీ యజమాని ఇందాకే ఫోన్ చేశాడు. పనిలోంచి తీసేస్తే కోపం ఉంటుంది, కాదనను. కానీ తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు."

"రెండు నిమిషాలు. విప్పి చూపిస్తాను."

"అక్కర్లేదు. పొద్దున మీ చేత్తోనే తూచి చెప్పారు. నాకు ఆ మాట చాలు."

త్రాసు మెట్లు దిగి, తన ఇంటికి తిరిగే వీధి మలుపు దగ్గర ఆగకుండా నేరుగా నడిచిపోయాడు. ఆ తర్వాత బజార్లో అతన్ని చూసినవాళ్ళు లేరు. ఎక్కడ వెతకాలో భార్య తమ్ముణ్ణి అడిగింది. నాలుగు రోజులు చూద్దామన్నాడు తమ్ముడు.

అతను వెళ్ళిన ఆ సాయంత్రం మేస్టారు తలుపు వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చున్నారు. కంప్యూటరు ఇంకా బాగానే నడుస్తోంది. ఫ్యాను గాలికి పేపర్లు లేస్తుంటే, బల్లమీద ఉండిపోయిన ఇనపముక్కను తీసి వాటిమీద పెట్టారు. చిన్నదే అయినా మంచి బరువుంది, ఒక్క కాగితమూ కదల్లేదు.