పగిలిన కప్పుల పాఠం

పాటల మాస్టారికి లోకంలో ఒక్కరంటేనే భయం. పులీ కాదు, పోలీసూ కాదు, సొంత అత్తగారు. ఆవిడ ఏమైనా అంటుందని కాదు, ఏమీ అనదని. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. పొద్దున్నే అతను సాధన చేస్తుంటే ఆవిడ పక్కగదిలో తల దువ్వుకుంటూ వింటుంది. బాగుందని అనదు, బాగాలేదనీ అనదు. జడ వేసుకుని డ్యూటీకి పోతుంది.

ఆవిడ చెవి సామాన్యమైనది కాదు మరి. పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా కప్పులు తట్టి చూసే పని. చిన్న చెక్కపుల్లతో అంచు మీద తట్టడం, వినడం, మంచిదైతే ఇటు, పగులుంటే అటు. కంటికి ఆనని పగులు కూడా ఆవిడ చెవిని దాటిపోలేదు. అలాంటి చెవి తన పాట విని మూడేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే అర్థమేమిటా అని మాస్టారు బెంగతో సగమయ్యాడు.

ఇది చాలదన్నట్టు బడిలో గోరుచుట్టు మీద రోకటిపోటు. 'కంపనం వలన ధ్వని పుట్టును' అని అతను బోర్డు మీద రాస్తుండగా వెనక బెంచీ గుర్రు పెట్టింది. ఆ గుర్రు సరిగ్గా హెడ్ మేడమ్ కిటికీ పక్కనుంచి వెళ్తున్నప్పుడే వినబడాలా!

"మంగళవారం చివరి పీరియడ్‌కి నేనొచ్చి కూర్చుంటాను మాస్టారూ. పిల్లలు ఒక్క ముక్క నేర్చుకున్నా సరే. లేదంటే ఈ పీరియడ్ లెక్కలకి ఇచ్చేస్తా" అంది ఆవిడ. లెక్కలకిచ్చేశాక పాటల మాస్టారితో బడికి పనేముంది?

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను ధైర్యం కూడగట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, పిల్లలకి ధ్వని గురించి చెప్పాలి. ఓ ఏడు కప్పులు దొరుకుతాయా?"

"ధ్వని నేర్పడానికేగా? నాకొదిలెయ్యండి బాబూ."

మంగళవారం ఆవిడ షిఫ్టు దిగి బుట్టతో సరాసరి బడికొచ్చింది. అప్పటికే బెల్లయింది. మాస్టారు బుట్ట అందుకుని క్లాసులోకి పరిగెత్తాడు. హెడ్ మేడమ్ వెనక కుర్చీలో టీ తాగుతూ కూర్చుని ఉంది. అతను కప్పులు బారుగా పేర్చి, ఒక్కోదానిలో కొలిచినట్టు నీళ్లు పోసి, "వినండి, ఇది స!" అని మొదటిదాన్ని తట్టాడు.

టప్.

రెండోది కూడా టప్. మూడోది, నాలుగోది, అన్నీ ఒకే తానులో గుడ్డలు. పైగా రెండిటి అడుగునుంచి నీళ్లు కారి పుస్తకాల మీదికి పాకాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. హెడ్ మేడమ్ పెన్ను తీసింది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

గుమ్మం దగ్గరే నిలబడ్డ అత్తగారి దగ్గరికి పరిగెత్తి, "అత్తయ్యగారూ, ఇవన్నీ పగిలినవే!" అన్నాడు గొంతు తగ్గించి.

"అవును, ఏరి ఏరి తెచ్చాను. పనిలో చేరినవాళ్లకి మొదటి వారమంతా మేం పగిలినవే ఇస్తాం. చెడ్డ చప్పుడు తెలిస్తేనేగా మంచిది తెలిసేది? తర్వాత మంచిది వినిపించారా మరి?"

"మంచిది ఎక్కడుంది?"

ఆవిడ లోపలికి తొంగిచూసింది. నేరుగా వెనక కుర్చీ దగ్గరికి నడిచింది. "తాగేశారా అమ్మా? ఏమీ అనుకోకండి" అంటూ హెడ్ మేడమ్ చేతిలో కప్పు తీసేసుకుని, పిడి పట్టుకుని, పుల్లతో తట్టింది.

ఖంగ్...

నవ్వులు ఆగిపోయాయి. "ఎవరైనా అంచు మీద వేలు పెట్టండి" అంటూ ఆవిడ మళ్లీ తట్టింది. రెండు జడల పిల్ల వేలు పెట్టింది. "అమ్మో, వణుకుతోంది!" అంటుండగానే మోత ఆగిపోయింది.

"నువ్వు వణుకు ఆపావు, చప్పుడు ఆగింది. పగులు కూడా చేసేది అదే."

బోర్డు మీద రాసి రాసి తను చెప్పలేకపోయింది ఇదే కదా! మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కప్పు అందుకున్నాడు. మెల్లగా తట్టాడు, గట్టిగా తట్టాడు. మోత పెరిగింది కానీ స్వరం మారలేదు. నీళ్లు పోశాడు. కప్పు బరువెక్కి వణుకు నెమ్మదించింది, స్వరం కిందికి దిగింది. అదే స్వరాన్ని గొంతెత్తి పాడాడు. "స్వరం ఒకటే. మరి కప్పేదో, నేనేదో మీకెలా తెలుస్తోంది?" అని అడిగితే, గుర్రు పెట్టిన వెనక బెంచీయే ముందు చెయ్యెత్తింది.

ఏడు పగిలిన కప్పులు ఏడుగురు పిల్లలకిచ్చాడు. ఒక ఖంగు, ఏడు టప్పులు, ఎనిమిది దెబ్బల తాళం. దాని మీద మాస్టారు పాట ఎత్తుకున్నాడు. ఇంటి బెల్లు కొట్టినా ఒక్కరూ లేవలేదు.

చివరికి హెడ్ మేడమ్ లేచి వచ్చింది. "నా కప్పు నాకిచ్చెయ్యండి మాస్టారూ. పీరియడ్ మీరే ఉంచుకోండి."

ఇంటికి నడుస్తూ మాస్టారు ఇక ఉండబట్టలేకపోయాడు. "అత్తయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. మూడేళ్లుగా నా పాట వింటున్నారు. ఒక్క మాటా అనరేం?"

ఆవిడ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. "అదేంటి బాబూ! మంచి కప్పుని మేం ఏమంటాం? పగులుంటేనే నోరు విప్పుతాం."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. సంతోషంతో బుట్ట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

మర్నాడు పొద్దున సాధన అయ్యాక చెవి రిక్కించి విన్నాడు. పక్కగదిలో దువ్వెన చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. మాస్టారు హాయిగా ఇంకో పాట అందుకున్నాడు.