ఎర్రసిరా సంతకం

మూడు వారాలుగా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ ఖాళీ. లెక్కల మేడమ్ తన అన్నం డబ్బా తీసుకుని ఫ్యాను కిందికి మారిపోయింది. ఉక్కపోతట! ఇన్నేళ్ళూ లేని ఉక్కపోత ఇప్పుడే వచ్చిందా? ఒళ్ళు మండింది.

నేను చేసిన నేరమల్లా పదో తరగతి సైన్సులో జీవ పరిణామం పాఠం చెప్తాననడం. పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది, చెప్పాలి. ఇంతే కదా? కాదట. పోయిన నెల మీటింగులో తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, మందుల షాపాయన, లేచి నిలబడ్డాడు.

"మా పిల్లల్ని కోతి సంతానం అంటారా టీచరుగారూ?"

"కోతి మన తాత అని ఎవరన్నారండీ? దానికీ మనకీ ఎప్పుడో పూర్వీకులు ఒకరే. దాయాదులం అన్నమాట," అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. నేను ఊరుకోలేదు. "అయినా, పాత మందు పనిచేయడం లేదని మీరే కొత్తది ఇస్తున్నారుగా! సూక్ష్మజీవులు మారబట్టే కదా?"

"అది కంపెనీవాళ్ళ కల్తీ!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ రోజు నుంచి నేను అందరికీ కోతి టీచర్‌ని.

మా హెడ్‌మాస్టరుది గోడమీది పిల్లివాటం. ఎవరినీ నొప్పించని ఉపాయం ఒకటి కనిపెట్టాడు. పాఠం జరుగుతుంది. ఇష్టంలేని పెద్దవాళ్ళు చీటీ మీద సంతకం పెడితే, ఆ గంటసేపు వాళ్ళ పిల్లలు మైదానంలో ఆడుకోవచ్చు. గుమ్మం దగ్గర నిలబడి ఆ చీటీలు వసూలు చేయాల్సింది మాత్రం నేనే.

పాఠానికి ముందురోజు సాయంత్రం, అదే తరగతిలో చదువుతున్న నా మేనకోడలు కూడా ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. అన్నయ్యా వదినా పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. అప్పటి నుంచి దానికి తల్లీ తండ్రీ నేనే. సంతకం పెట్టాల్సిందీ నేనే.

"నా పాఠానికి నువ్వే రావా?"

"అందరూ వెళ్తున్నారత్తా. నలభై ఒక్కమందీ. నేనొక్కదాన్నే కూర్చోవాలి."

"కూర్చో. కొంపేం మునిగిపోదు."

"నీకేం, నువ్వు పెద్దదానివి. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, తెలుసా? నేను రాగానే మాటలు ఆపేస్తారు." చీటీని నా వైపు ఇంకాస్త జరిపింది. "నేనూ వెళ్తే మళ్ళీ మాట్లాడతారత్తా. ప్లీజ్."

ఆ పాఠం నాకు ప్రాణం. ఇదీ ప్రాణమే. యాభై నాలుగేళ్ళదాన్ని, నాకే ఆ ఖాళీ కుర్చీ గుండెల్లో గుచ్చుకుంటుంటే, పదిహేనేళ్ళయినా నిండని పిల్లను ఏ మొహం పెట్టుకుని ఓర్చుకోమనను? దిద్దుతున్న పేపర్లు పక్కకు నెట్టి, చేతిలో ఉన్న పెన్నుతోనే సంతకం గీకేశాను.

అది ఎర్ర పెన్ను. మర్నాడు గుమ్మం దగ్గర చీటీలు దొంతర పేర్చాక గానీ గమనించలేదు. నలభై రెండింటిలో ఎర్ర సంతకం అదొక్కటే. హెడ్‌మాస్టరు చూపు తిన్నగా దానిమీదే పడింది.

"ఇదేంటి మేడమ్, మీరు కూడానా?"

నవ్వు ఆపుకోలేకపోయాడు మహానుభావుడు.

పిల్లలు లేకపోయినా గంట కొట్టేదాకా టీచరు తరగతి వదలకూడదు. బోర్డు మీద పాఠం పేరు రాశాను. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎవరికని చెప్పను? కిటికీలోంచి చూస్తే మైదానంలో ఎవరో నా మేనకోడలికి బంతి విసిరారు. అది పట్టుకుని పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకు విన్నాను ఆ నవ్వు! సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రానికల్లా మందుల షాపు ముందు అదే కబురు. "ఆవిడ పిల్లకే వద్దన్న పాఠం మన పిల్లలకెందుకంట?" అని. నేను ఇంటికి బయలుదేరేలోపే హెడ్‌మాస్టరు పిలిచి చెప్పాడు. "వచ్చే ఏడాది నుంచి ఆ పాఠం చెప్పకుండానే అయిపోయిందని డైరీలో రాసేద్దాం మేడమ్. గొడవ ఉండదు." ఎదురు చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ఇంటికొచ్చేసరికి మేనకోడలి మొహం వెలిగిపోతోంది. బస్సులో దానికి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారట. అన్నీ చెప్పి నా దగ్గరికి జరిగింది.

"అత్తా, ఆ పాఠం ఇప్పుడు చెప్పవా?"

"పరీక్ష కోసమా?"

"కాదు. నువ్వు మీటింగులో అన్నావటగా, పాత మందు ఎందుకు పనిచేయదో నిజంగా తెలుసుకోవాలనుంది."

నా ప్రాణం లేచొచ్చింది. ఆత్రంగా పుస్తకం తెరిచాను. అది లేచి వెళ్ళి కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

"మెల్లగా చెప్పత్తా. పక్కింటివాళ్ళు వింటారు."

ముప్పై ఏళ్ళుగా చివరి బెంచీకి వినపడేలా చెప్పిన గొంతు నాది. దాన్ని తగ్గించుకుని మొదటి రెండు వాక్యాలు చెప్పాను.

"ఇంకా మెల్లగా," అంది.