పీర్ గ్రూపు మెచ్చిన పాఠం

మా కాలేజీ పంజాగుట్టలో ఒక అద్దాల మేడ. కింద నగల దుకాణం, పైన జ్ఞానం. గిరాకీ కిందే ఎక్కువ.

ఈ ఏడు మా డైరెక్టర్ గారు ఏదో సదస్సుకు వెళ్లివచ్చి, అధ్యాపకులంతా ముగ్గురు ముగ్గురు జట్టుకట్టి ఒకరినొకరు మెరుగుపరుచుకోవాలని సెలవిచ్చారు. దానికి పీర్ గ్రూపు అని పేరు. ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక బెంచీ మీద కూర్చుని, పాఠం ఎలా ఉందో రిపోర్టు రాయాలి. రాశాం. కామర్సు చెప్పే హనుమత్ప్రసాద్ గారి పాఠం అద్భుతమని నేను రాశాను. నా ఎకనామిక్స్ పాఠం అమోఘమని ఆయన రాశారు. ఒంటె అందాన్ని గాడిద, గాడిద పాటను ఒంటె మెచ్చుకున్నట్టు ఇద్దరం చక్కగా మెరుగుపడ్డాం. ఆయనది గుంటూరు, నాది భీమవరం. పొగడ్త దగ్గర మొహమాటపడే అలవాటు మాకు లేదు.

జట్టులో మూడో మనిషి విజయేందర్. జనగామ వైపువాడు, స్టాటిస్టిక్స్ చెబుతాడు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఈసారి పీర్ గ్రూపు రిపోర్టు లేనిదే కాంట్రాక్టు పొడిగించం అన్నారు. అది పోతే జీతంతోపాటు హెల్త్ కార్డూ పోతుంది. ఆ కార్డు మీదే వాళ్లమ్మ చంద్రమ్మకు డయాలసిస్ నడుస్తోంది.

తీరా అతని క్లాసు చూడ్డానికి వెళితే గదిలో బెంచీలు తప్ప ఎవరూ లేరు. పిల్లలంతా పక్క మెట్రో స్టేషను అమీర్‌పేటలో కోచింగులో ఉన్నారు. మా క్లాసులకైతే ఇంటర్నల్ మార్కుల భయంతో కొందరు వస్తారు. విజయేందర్‌కు భయపెట్టడం చేతకాదు.

"బాగుందని రాసేస్తాలేవయ్యా. చూడకుండా రాయడం నాకేం కొత్త కాదు," అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"వద్దు సార్. అబద్ధమైతే రేపు నా మీదికే వస్తది," అన్నాడు విజయేందర్. "నా క్లాసు సూడాల్నంటే పొద్దుగాల అమీర్‌పేటకు రాండ్రి. గాడ చెప్తున్న. గీ ముచ్చట డైరెక్టర్ సార్‌కు తెలిస్తే మాత్రం నా పని ఖతం."

బయట పాఠం చెబితే ఉద్యోగం తీసేస్తామని మా నియమావళిలో ఉంది. లోపల చెప్పకపోతే ఏం చేస్తారో అందులో లేదు.

మర్నాడు అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో టిఫిన్ బండ్లు దాటుకుని మెట్లెక్కాం. హనుమత్ప్రసాద్ గారు ప్రతి మలుపులోనూ ఆగి, సారా కొట్టుకు వచ్చినవాడిలా వెనక్కి చూసుకున్నారు. హాలు కిక్కిరిసి ఉంది. చోటు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. బోర్డు దగ్గర మా విజయేందర్.

"అన్నం ఉడికిందా లేదా తెల్వాల్నంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటరు. ఇంట్ల చిన్న గిన్నెకు చాలు. ఫంక్షన్ హాల్ల బిర్యానీ హండీకి చాలుతదా?"

"చాలదు సర్. పైన ఉడికితే నడుమ పలుకుంటది," అంది ముందు వరుసలోని ఒకమ్మాయి.

"అడుగున?"

"మాడుతది," అంది హాలంతా.

"మరి ఏడికెళ్లి తియ్యాలె?"

"అన్ని వరుసలకెళ్లి సర్."

"గంతే. శాంపిల్ తీసుడంటే గిదే," అని అప్పుడు బోర్డు మీద సూత్రం రాశాడు. ఆ సూత్రం నేను చదువుకునే రోజుల్లో బట్టీపట్టిందే. అర్థం మాత్రం ఆ పొద్దున తెలిసింది. హనుమత్ప్రసాద్ గారు టిఫిన్ సంగతే మరిచిపోయారు. ఆయన్ని ఎరిగినవాళ్లకు అదెంత పెద్ద మాటో తెలుసు.

కోచింగు రిజిస్టరు ప్రకారం ఆ హాల్లో నలభై మందిదాకా మా కాలేజీ పిల్లలే. కాలేజీ మొహం చూడకపోవడం వల్ల ఈయన తమ లెక్చరరేనని వాళ్లకు తెలియదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వీళ్లు పెరట్లోకి తొంగి కూడా చూడలేదు.

హనుమత్ప్రసాద్ గారు తన సర్వీసులో మొదటిసారి, చూసింది చూసినట్టు రిపోర్టు రాశారు. ఎక్కడ చూశారో ఒక్కటే రాయలేదు. డైరెక్టర్ గారు అది చదివి, "అద్భుతం అన్న మాట లేని రిపోర్టు ఇదొక్కటే. సోమవారం నేనే వచ్చి చూస్తాను," అన్నారు.

సోమవారం గది ఖాళీగా కనిపిస్తే విజయేందర్ పని అయిపోయినట్టే. మర్నాడు కోచింగులో పిల్లలను బతిమాలుకున్నాడట. "మీల పంజాగుట్ట కాలేజోళ్లు జర సోమవారం కాలేజీకి రాండ్రి. గాడ సుత నేనే చెప్తున్న."

వచ్చారు. క్లాసు ఏ అంతస్తులో ఉందని వాచ్‌మన్ పెంటయ్యను అడిగారు. కొత్త అడ్మిషన్లా అని పెంటయ్య వాళ్లను అడిగాడు. డైరెక్టర్ గారు వెనక బెంచీలో కూర్చుని, మోగుతున్న ఫోను కూడా ఎత్తకుండా పాఠం విన్నారు. నిండిన ఆ గదిలో విజయేందర్ గొంతు కొత్తగా వినిపించింది. నాకు నిజంగా సంతోషమేసింది.

మధ్యాహ్నం ముగ్గురినీ పిలిపించారు. కాంట్రాక్టు మూడేళ్లు పొడిగించామన్నారు. విజయేందర్ రెండు చేతులూ జోడించాడు.

"ఇంత ప్రతిభను ఒక్క క్లాసుకు కట్టిపడేయడం అన్యాయం విజయేందర్ గారూ," అన్నారు డైరెక్టర్ గారు. "ఇకనుంచి పీర్ గ్రూపులన్నిటికీ మీరే కోఆర్డినేటర్. రిపోర్టులు, ఫొటోలు, మీటింగులు అన్నీ మీరే చూసుకోవాలి. పొద్దున ఏడింటినుంచే పని. బయట వ్యాపకాలేవీ కుదరవు."

"సార్, మరి నా క్లాసు?"

"క్లాసుదేముందండీ, ఎవరైనా చెబుతారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోతే విజయేందర్ వద్దన్నట్టు తల ఊపాడు. చంద్రమ్మ ఆ రోజు కూడా ఆసుపత్రిలోనే ఉంది. అతను పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొన్న అతని గదిలో మీటింగు జరుగుతుండగా ఫోను మోగింది. కాగితాలు పంచుతూ స్పీకర్ మీద పెట్టాడు. కోచింగులో ముందు వరుసలో కూర్చునే అమ్మాయి గొంతు.

"సర్, కాలేజీల కొత్త సర్ స్లైడ్లు చదువుతుండు. అమీర్‌పేటల సుత మీరు కనిపిస్తలేరు. మీ క్లాసు ఎక్కడుంది సర్?"

విజయేందర్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"మీటింగ్ల ఉన్న బిడ్డా," అని పెట్టేసి, హాజరు కాగితం నా ముందుకు జరిపాడు. ఆ రోజు చర్చాంశం, పిల్లలను క్లాసుకు రప్పించడం ఎలా.