వదిన గది దాకా చక్రాల బండి

కుట్టుమిషన్ల మెకానిక్కు పొద్దున్నే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని షాపు షట్టరెత్తాడు. బేరాలు రాకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. బల్ల కింద నుంచి చక్రాల బండిని బయటికి లాగాడు.

ఎప్పటికైనా తలా చేతులూ ఉన్న రోబోను చేయాలని అతని సరదా. సెలవు రోజుల్లో కూర్చుని చేయగా చేయగా ఇప్పటికి కాళ్ళ వరకు వచ్చింది. పీటంత చెక్క, వెనక మోటార్లు బిగించిన రెండు చక్రాలు, ముందు ఎటైనా తిరిగే బుల్లి చక్రం. చెక్క మీదున్న మీట ముందుకు నొక్కితే నేరుగా ముందుకు, వెనక్కి నొక్కితే అలాగే వెనక్కి. దేనికైనా తగిలితే ఆగిపోవాలి. దానికొచ్చిన చదువు అంతే.

ఈ సరదాకు ఇప్పుడు తొందర వచ్చిపడింది. కారణం వదిన.

వదిన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా ఆ కాలు నేల మీద మోపితే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ, ఇక జన్మంతా కుంటడమేననీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అన్నయ్య బస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. పగలంతా ముందు షాపులో మరిది, నడవ చివరి గదిలో వదిన. చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టడం ఆమె పని. మంచం మీద కూర్చునే కుడుతోంది. దారం అయిపోతే ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యదు. నిన్న గోడ పట్టుకుని, కట్టు కాలు గాల్లో వేలాడేసుకుని నిలబడి ఉంటే మెకానిక్కు పరిగెత్తుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"పిలిస్తే నేను రానా వదినా?"

"నీ పని నీకుంటుంది కదయ్యా. రీలు కోసం గొంతు చించుకోవడం ఎందుకు?"

అక్కడే అతనికి బోధపడదు. రోజూ స్నానం కాగానే దేవుణ్ణి ఇంటిల్లిపాదికీ కావలసినవన్నీ మొహమాటం లేకుండా అడుగుతుంది. ఈ కట్టు కాలితోనూ మంచం మీంచే చేతులు జోడించి అడుగుతోంది. అంత పెద్దవాణ్ణి అడగగలిగిన మనిషికి మరిదిని దారం అడగడానికి నోరు రాదేం? అది వినయమా, పంతమా? పైవాడికే తెలియాలి. నోటితో అడగకపోతే పోనీ, ఖాళీ రీలు బండి మీద పెట్టి పంపితే చాలు, అదే రంగు దారం పెట్టి తిప్పి పంపేస్తాడు. అరవక్కర్లేదు, లేవక్కర్లేదు.

రీళ్ళ డబ్బా బండి మీద పెట్టి మీట నొక్కాడు. బండి బుద్ధిగా కదిలింది. నడవలో నాలుగు బారలు వెళ్ళిందో లేదో, ఎడమకు తిరిగి గోడను గుద్దింది. రీళ్ళు నడవంతా దొర్లాయి.

"ఏమయ్యా, ఇల్లు పడగొడుతున్నావా?" అంది వదిన తెర వెనక నుంచి.

"నీకో పనివాణ్ణి తయారు చేస్తున్నా వదినా."

"గోడలు పట్టుకుని నడుస్తున్నాడు, పొద్దున్నే తాగొచ్చాడా ఏంటి?"

ఎడమ మోటారు నీరసంగా ఉందేమోనని రెండు మోటార్లనూ అటుదిటు మార్చాడు. అయినా ఎడమకే. మరలు బిగించాడు. ఎడమకే. "స్వామీ, కాస్త నేరుగా నడిపించు" అని కళ్ళు మూసుకున్నాడు. నేరుగా నడిపించమని మనిషి తన కోసం అడగాలి గాని, చెక్కపీట కోసం అడగొచ్చా అని అనుమానమొచ్చి కళ్ళు తెరిచాడు. బండి మళ్ళీ ఎడమ గోడకే వెళ్ళి ఆనుకుంది.

"నూనె కంపు ఇక్కడిదాకా కొడుతోంది. దానికీ పోశావా?"

"ఒక్క చుక్క. చుక్క వెయ్యందే నేను ఏ మిషనూ ముట్టుకోనని తెలుసుగా."

"డాక్టరున్నాడని ఊరుకున్నావు గాని, నా కట్టులోనూ వేసేవాడివే!"

నవ్వబోయి ఆగాడు మెకానిక్కు. బండిని తిరగేసి ఎడమ చక్రం మీద వేలితో రాశాడు. వేలు జర్రున జారింది. ఇరుసు దగ్గర వేసిన నూనె రబ్బరు మీదికి పాకి, ఆ చక్రం నేలను పట్టుకోకుండా ఊరికే తిరుగుతోంది. కుట్టుమిషను జారుతుంటేనే బాగా నడుస్తుంది. చక్రం జారితే ఇక నడకే లేదు. చేతి అలవాటుకు ఆ తేడా తట్టలేదు.

రెండు చక్రాలనూ సబ్బుతో రుద్ది కడిగి పొడిగుడ్డతో తుడిచాడు. నల్లదారం రీలు ఒక్కటే పెట్టి పంపాడు. ఈసారి బండి తాడు పట్టి లాగినట్టు నేరుగా వెళ్ళి, గుమ్మం తెర కింద దూరింది. అంతలో టక్కుమని చప్పుడు. బండి ఆగిపోయింది.

గడప! తెర కింద గడప ఉంది. రోజూ దాటేదే. కాళ్ళకు తెలుసు గాని తలకు గుర్తులేదు.

రీలు ఇప్పుడు మంచానికి రెండడుగుల దూరంలో ఉంది. అంత దగ్గర్లో కనిపిస్తుంటే ఆ మనిషి లేవకుండా ఉంటుందా? పరిగెత్తబోయాడు. మంచం కిర్రుమంది. వద్దని అరవబోయేలోగా వదిన కేక వినిపించింది.

"ఏమయ్యా మెకానిక్కూ! నీ పనివాడు గడప దగ్గర చతికిలపడ్డాడు. వచ్చి లేపుకో!"

రెండంగల్లో తెర పక్కకు తీశాడు. వదిన మంచి కాలు నేల మీద ఉంది. కట్టు కాలు దిండు మీదే ఉంది.

"లేద్దామనే అనుకున్నా," అంది మొహం తిప్పుకుని. "పాపం, పొద్దుట్నుంచీ గోడలకు కొట్టుకుని వచ్చాడు కదా. వాడి కోసమైనా పిలవొద్దూ?"

మెకానిక్కు రీలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. బండిని ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

"గడపకు అటూ ఇటూ ఏటవాలుగా చెక్క వేసేస్తా వదినా. ఇకనుంచి పిలవక్కర్లేదు."

వదిన దారం కొస పళ్ళతో తుంచి, సూది బెజ్జంలోకి ఎక్కించింది.

"అది రేపు వేద్దువుగానిలే. ముందు ఆ కత్తెర ఇలా తీసుకురా. అలాగే కాస్త టీ కూడా పెట్టు."